తొలి తుపాకీ: ముందు కాగితం, తరువాత భుజం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



అమెరికా వెళ్ళి వచ్చినవారు అక్కడి విశేషాలు నాలుగు చెప్పాలని మన సంఘంలో ఒక ఆనవాయితీ పడింది. నయాగరా గురించి విన్నాం. అక్కడి గుళ్ళ గురించి, పులిహోర ప్రసాదం గురించి విన్నాం. నేను తుపాకీ గురించి చెబుతాను. తోట్లవల్లూరులో కూర్చుని పేపరు చదువుకునే డెబ్భై నాలుగేళ్ళ ముసలివాడికి తుపాకీతో ఏం పని అని మీకు తోచవచ్చు. సర్వీసులో కొన్నేళ్ళు ఆయుధ లైసెన్సుల సీటు చూసినవాడిని. తుపాకీ పేల్చడం నాకు రాదు. తుపాకీ ఫైలు నడపడం మాత్రం వచ్చు.

మా అబ్బాయి టెక్సాస్ రాష్ట్రంలో హ్యూస్టన్ పడమటి వైపు ఉంటున్నాడు. పౌరసత్వం వచ్చింది. మొన్న శీతాకాలం మేమిద్దరం వెళ్ళిన వారం రోజులకు, రాత్రి భోజనాల దగ్గర మెల్లగా కదిపాడు. "నాన్నగారూ, సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ ఒకటి కొందామనుకుంటున్నాను. సీజనులో బాతుల వేటకి, మిగతా రోజుల్లో రేంజిలో మట్టి పలకలు కొట్టడానికి. మీరు ఆ సెక్షనులో చేశారు గదా, ఏది తీసుకోమంటారు?" అన్నాడు. మా కోడలు వడ్డించడం ఆపి నా వంక చూసింది. ఇంట్లో పన్నెండేళ్ళ మనవడున్నాడు. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. మూడు రోజులు నేను జవాబు చెప్పలేదు.

ఆలస్యానికి కారణాలు రెండు.

మొదటిది కొల్లేరు. మా మేనమామగారిది కైకలూరు వైపు ఊరు. 1960ల మొదట్లో సంక్రాంతి సెలవులకు వెళితే, తెల్లవారుజామున నన్ను కూడా దోనెలో ఎక్కించుకునేవారు. చేతిలో రెండు గొట్టాల తుపాకీ ఉండేది. పరజల గుంపు నీళ్ళమీదినుంచి ఒక్కసారిగా లేచేది. రెండు దెబ్బలు వేసేవారు. పడినవి ఏరుకునేవాళ్ళం. దెబ్బ తగిలి కిక్కిసలోకి దూరినవాటిని వెతికే ఓపిక ఎవరికీ లేదు. "పోనీరా, నక్కలు తింటాయి" అనేవారు. లెక్కా పత్రం లేని రోజులవి. భరత్‌పూర్‌లో 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో వేటలో ఒక్క రోజున 4,273 పక్షుల్ని కూల్చినట్టు అక్కడ రాతిమీద చెక్కించారు. పెద్దలు రాతిమీద చెక్కించుకున్నారు, మావాళ్ళు మరిచిపోయారు, అంతే తేడా.

తరువాత 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట లైసెన్సు మీద కొన్నిటిని వేటాడే వీలు మిగిల్చినా, 1991 సవరణతో అదీ పోయింది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. కాబట్టి ఈ ప్రసంగం విని ఎవరూ మన లంకల్లోకో, దివిసీమ మడ అడవుల్లోకో తుపాకీ పట్టుకుని వెళ్ళే ఆలోచన పెట్టుకోవద్దు. పరజను కొడితే జైలే.

రెండవ కారణం ఒక ఫైలు. ఊరి పేరు చెప్పను. పండుగ ముందు ఇల్లు దులుపుతూ ఒక పెద్దమనిషి గోడకున్న తుపాకీ దించి మంచం మీద పెట్టాడు. పక్క గదిలో ఆడుకుంటున్న సొంత మనవడు పోయాడు. ఆయన వాంగ్మూలంలో ఒకే ఒక్క వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఖాళీదే అనుకున్నాను." లైసెన్సు రద్దుకు నోటు రాసింది నేనే. నోటులో ఆ వాక్యాన్ని ఎత్తి రాస్తుంటే చెయ్యి ఆడలేదు.

నాలుగో రోజు మా వాణ్ణి, కోడల్ని కూర్చోబెట్టి, "ముందు కాగితం, తరువాత ఇల్లు, తరువాత భుజం, ఆఖరున దుకాణం. ఈ వరసలో అయితే నాకు అభ్యంతరం లేదు" అన్నాను. ఆ వరసలోనే మీకూ చెబుతాను. మీ పిల్లలు చాలామంది అక్కడే ఉన్నారు. వాళ్ళకు తెలియనిది మీకు తెలిసి ఉంటే మంచిది.

ముందుగా కాగితం. అమెరికాలో తుపాకీ కూరగాయల్లా అమ్ముతారని మనవాళ్ళ అభిప్రాయం. అందరికీ కాదు. హెచ్1బి, విద్యార్థి వీసా, సందర్శక వీసా వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీగాని, తూటాలుగాని దగ్గర ఉంచుకోవడాన్ని 1998 నుంచి ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. కొద్దిపాటి మినహాయింపులున్నాయి. అందులో ముఖ్యమైనది, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం. గ్రీన్‌కార్డు వచ్చినవారికి, పౌరులకు ఈ అడ్డంకి లేదు. ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. సందర్శక వీసా అంటే మనమే! రేంజికి తీసుకెళ్ళి "నాన్నగారూ, సరదాగా ఒకటి పేల్చండి" అని పిల్లలు చేతికిస్తే, ఆ సరదా చట్టం కంటికి సరదాగా కనబడదు. మా వాడు ఇవ్వబోయాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

దుకాణంలో కొనాలంటే ఒక ఫారం నింపాలి, నేర చరిత్ర తనిఖీ జరగాలి. వేటకు మళ్ళీ వేరే కాగితాలు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారు వేట శిక్షణ కోర్సు పాసవ్వాలి. రాష్ట్రం లైసెన్సు, వలస పక్షులకు అదనపు అనుమతి ఉండాలి. పదహారేళ్ళు దాటినవారికి ఫెడరల్ బాతు స్టాంపు కావాలి. ఈ స్టాంపు 1934లో మొదలైంది. ఇప్పుడు 25 డాలర్లు. ఆ సొమ్ము దాదాపు అంతా చిత్తడి నేలలు కొని కాపాడటానికే పోతుంది. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినట్టు వాళ్ళు ఏటా స్టాంపు కొనుక్కుంటారు. మన లైఫ్ సర్టిఫికెట్ మన బతుక్కి, వాళ్ళ స్టాంపు బాతు బతుక్కి!

తరువాత ఇల్లు. టెక్సాస్‌లో పదిహేడేళ్ళలోపు పిల్లలకు అందేటట్టు తూటా ఎక్కించిన తుపాకీని వదిలితే నేరం. చట్టం సంగతి అలా ఉంచండి, నా ఫైలు సంగతి నాకు చాలు. తుపాకీ కొనకముందే ఇనుప పెట్టె కొనిపించాను. తుపాకీ ఒక తాళం కింద, తూటాలు వేరే గదిలో మరొక తాళం కింద. ఒక తాళంచెవి మా వాడి దగ్గర, రెండోది కోడలి దగ్గర. ఇద్దరూ ఒప్పుకుంటేగాని తుపాకీ, తూటా కలుసుకోవు. ట్రెజరీలో డబుల్ లాకు మనకు తెలిసిన పద్ధతే గదా. కోడలు ముఖం కొంచెం తేటపడింది.

ఇప్పుడు తుపాకీ. షాట్‌గన్ అంటే ఒక్క గుండు కాకుండా గుప్పెడు రవ్వలు చిమ్మే నున్నటి గొట్టం తుపాకీ. మనం ఎరిగినది రెండు గొట్టాలది. సెమీ ఆటోమేటిక్‌లో గొట్టం ఒక్కటే. ఒక దెబ్బ పేలగానే ఖాళీ తూటాను తానే పక్కకు విసిరి, తరువాతి తూటాను తానే లోపలికి ఎక్కించుకుంటుంది. ట్రిగ్గరు ఒకసారి నొక్కితే ఒక్క దెబ్బే. దీన్ని జాన్ బ్రౌనింగ్ అనే ఆయన రూపొందించి 1900లో పేటెంటు పొందాడు. 1902 నుంచి బెల్జియంలో ఆటో-5 అనే పేరుతో తయారైంది.

ఇందులోని సుఖమే ఇందులోని ప్రమాదం. రెండు గొట్టాల తుపాకీని మధ్యకు విరిస్తే తెరిచిన ఫైలులా ఉంటుంది. లోపల ఏముందో పదడుగుల దూరం నుంచి అందరికీ కనబడుతుంది. సెమీ ఆటోమేటిక్ మూసిన ఫైలు. పేల్చినవాడు "అయిపోయింది" అనుకుంటాడు. అది అప్పటికే రెండోది ఎక్కించుకుని కూర్చుంటుంది. "ఖాళీదే అనుకున్నాను" అనే వాక్యం దీనికి మరీ సులభంగా వస్తుంది. కనుక కొత్తవాడు మొదటి కొన్ని వారాలు ఒక్కొక్క తూటాయే వేసుకుని కాల్చాలి. తక్కిన వేళల్లో తలుపు తెరిచి, కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. మా వాడు ఈ ఒక్క షరతుకూ ఒప్పుకోకపోతే రెండు గొట్టాలదే కొనుక్కోమనేవాణ్ణి.

ఒప్పుకున్నాడు. దుకాణానికి వెళ్ళాం. నేను చూడటమే, ముట్టలేదు.

మొదట చూడవలసింది పేరు కాదు, భుజం. చెప్పు కాలికి సరిపోయినట్టు తుపాకీ భుజానికి సరిపోవాలి. కళ్ళు మూసుకుని తుపాకీని భుజానికి ఆనించి, చెంప కొయ్యమీద పెట్టి, అప్పుడు కళ్ళు తెరవాలి. గొట్టం మీది పట్టీ వెంట చూపు తిన్నగా సాగితే సరిపోయినట్టు. పట్టీ ఎక్కువగా కనబడినా, అసలు కనబడకపోయినా సరిపోలేదన్నమాట. అక్కడి తుపాకులు ఆరడుగుల మనుషుల కొలతకు చేస్తారు. మావాడు ఐదడుగుల ఆరంగుళాలు. పైగా వేటలో చలికోటు మందం కలుస్తుంది. కోటు వేసుకునే కొలత చూసుకోమన్నాను. వెనక కొయ్య పొడవు, వాలు మార్చుకునే బిళ్ళలు కొన్నిటితో పెట్టెలోనే ఇస్తారు. ఎడమచేతివాటం వారైతే ఖాళీ తూటా ఎటు ఎగురుతుందో కూడా చూసుకోవాలి.

రెండవది యంత్రం. ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి గ్యాసు రకం. మందు పేలిన పొగలో కొంత తీసుకుని ఆ బలంతో యంత్రం నడుస్తుంది. బెరెట్టా ఏ300, వించెస్టర్ ఎస్‌ఎక్స్4 ఇటువంటివి. వెనక్కి తన్నడం తక్కువగా తెలుస్తుంది. రేంజిలో పూటకు వంద తూటాలు కాల్చేవాడి భుజానికి ఇది మేలు. కాని మసి పడుతుంది, శుభ్రం చేసుకుంటూ ఉండాలి. రెండవది ఇనర్షియా రకం. తుపాకీ వెనక్కి తన్నే ఊపుతోనే స్ప్రింగు పని చేస్తుంది. బెనెల్లి, ఫ్రాంకి అఫినిటి, స్టోగర్ ఎం3000 ఈ కోవవి. తేలిక, మసి తక్కువ, బురదలో, చలిలో నమ్మకం. కాని తన్ను ఎక్కువ తెలుస్తుంది. మరీ తేలిక తూటాలు వేస్తే, భుజానికి వదులుగా పట్టుకుంటే, ఒక్కొక్కప్పుడు తరువాతి తూటా ఎక్కదు. వేట ఎక్కువ, రేంజి తక్కువ అయితే ఇనర్షియా. రేంజి ఎక్కువ, వేట తక్కువ అయితే గ్యాసు. మొదటి తుపాకీ కొనేవాడు నేర్చుకునేది రేంజిలోనే గనుక, గ్యాసు రకం నయమని నాకు తోచింది.

మూడవది బోరు. 12 బోరు అంటే గొట్టానికి సరిపడే సీసపు గుండ్లు పన్నెండు తూగితే ఒక పౌను. 20 బోరు అంటే ఇరవై తూగాలి, అంటే సన్నం. తూటాలు అన్నిచోట్లా, అన్ని రకాల్లో దొరికేది 12. తూటా గది మూడంగుళాలది చాలు. మూడున్నర అంగుళాలది ఉందని దుకాణదారు ఊరిస్తాడు. ధర ఎక్కువ, తన్ను ఎక్కువ. బాతుకు అవసరం లేదు.

నాలుగవది రవ్వలు. అమెరికాలో నీటిపక్షుల వేటకు 1991 నుంచి దేశమంతటా సీసపు రవ్వలు నిషేధం. నీటి అడుగున పడిన సీసాన్ని బాతులు గులకరాళ్ళనుకుని మింగి విషమెక్కి చచ్చేవి. ఇప్పుడు ఎక్కువగా ఉక్కు రవ్వలు వాడతారు. ఉక్కు సీసం కన్నా తేలిక, దూరం పోయేసరికి బలం తగ్గుతుంది. అందుకని రెండు సైజులు పెద్ద రవ్వ వాడాలి. బాతులకు 2, 3, 4 నంబర్లు. గొట్టం మూతి బిగువును చోక్ అంటారు. ఉక్కు రవ్వ విచ్చుకోవడం తక్కువ కనుక, బాగా బిగువైన ఫుల్ చోక్ కాకుండా మాడిఫైడ్‌గాని, అంతకంటే వదులుదిగాని పెట్టుకోవాలి. రేంజిలో మట్టి పలకలకు ఏడున్నర, ఎనిమిది నంబరు సన్న రవ్వలు. అవి సీసానివైతే వేటరోజున జేబులో ఒక్కటి ఉన్నా తప్పే. అందుకే రేంజి సంచీ వేరు, వేట సంచీ వేరు.

ఐదవది లెక్క. వలస పక్షుల వేటలో తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకూడదని 1935 నుంచి నిబంధన. ఎక్కువ పట్టేదైతే లోపల ఒక కడ్డీ పెట్టి అడ్డుకోవాలి. ఆ కడ్డీ పెట్టి ఉందో లేదో కొన్నరోజే విప్పి చూసుకోవాలి.

మావాడు ఇవన్నీ చూసుకుని 12 బోరు, మూడంగుళాల గది, 28 అంగుళాల గొట్టం, గ్యాసు రకం ఒకటి తీసుకున్నాడు. కంపెనీ పేరు చెప్పను. చెబితే నేను ఏజెంటునయ్యానంటారు.

రేంజిలో ఒక ఆటకు ఇరవై ఐదు పలకలు. మొదటి రోజు ఆరు కొట్టాడు. చెవులకు మఫ్లు పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చున్నాను. వినికిడి యంత్రం తీసి జేబులో పెట్టుకోవడం ఎంతో సుఖంగా ఉంది. పది ఆటలయ్యేసరికి పదిహేడుకు వచ్చాడు. అప్పుడు వేటకు వెళ్ళమన్నాను. పలకను తప్పిస్తే పలకకు నష్టం లేదు. పక్షిని సగం తగిలిస్తే ఆ పాపం ఎవరిది?

డిసెంబరులో ఒక తెల్లవారుజామున నన్నూ తీసుకెళ్ళాడు. హ్యూస్టన్ పడమర చదును నేలంతా వరి పండే ప్రాంతం. కోత కోసిన మళ్ళు, గట్లు, నిలిచిన నీళ్ళు, మంచు. కారు దిగితే మన ఉయ్యూరు వైపు మళ్ళలో దిగినట్టే ఉంది. చట్టం ప్రకారం సూర్యోదయానికి అరగంట ముందునుంచే కాల్చవచ్చు. మొదట ఒక గుంపు వచ్చింది. సన్నటి మెడ, పొడుగాటి సూది తోక. చూడగానే గుర్తుపట్టాను. కొల్లేటికి శీతాకాలంలో వచ్చే సూదితోక బాతే. టెక్సాస్ తీరంలో దిగేదీ అదే జాతి. కొన్నేళ్ళపాటు అక్కడ దాన్ని రోజుకు ఒక్కటి మించి కొట్టనివ్వలేదు. అవి అరవై గజాల ఎత్తున పోతున్నాయి. మావాడు తుపాకీ ఎత్తి దించేశాడు. "దూరం నాన్నగారూ" అన్నాడు. మూడు తూటాలున్నాయి గదా, ఒకటి తగలకపోతుందా అనే ఆశ సెమీ ఆటోమేటిక్‌తో వచ్చే జబ్బు. ఆ జబ్బు వాడికి అంటుకోలేదని అప్పుడు తెలిసింది.

తరువాత ముప్పై గజాల్లో వచ్చినవాటిలో రెండు కొట్టాడు. ఒకటి నీళ్ళలో పడింది. రెండోది రెక్క విరిగి తుంగలోకి దూరింది. వాడు తుపాకీ ఖాళీ చేసి, తెరిచి చూపించి, పక్కన పెట్టి, మోకాలి లోతు చలినీళ్ళలో దిగాడు. పడిన పక్షి కోసం తగిన ప్రయత్నం చేసి తీరాలని అక్కడ నిబంధన. అరగంట వెతికి తెచ్చాడు. ఆ అరగంటలో పైన ఎన్ని గుంపులు పోయినా తల ఎత్తలేదు. అరవై ఏళ్ళనాటి కొల్లేటి కిక్కిసలో మేము వదిలేసినవన్నీ నాకు గుర్తొచ్చాయి. వేట మంచిదా చెడ్డదా అని నన్నడిగితే, నేను ఆ బాతు కూర తినలేదు. కాని వాడు చేసినది తప్పు అనలేను.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దుతుండగా మా కోడలు నా చేతిసంచీ అడుగున ఏదో తగిలిందని తీసింది. పేలని తూటా! రేంజినుంచి వచ్చిన రోజు సంచీలో మిగిలినది మనవడు "తాతయ్యకు గుర్తుగా" నా సంచీలో వేశాడట. తాళాలు రెండు పెట్టించిన మహానుభావుడి సంచీలోనే దొరికింది! అలాగే విమానాశ్రయానికి వెళ్ళి ఉంటే అక్కడ ఒక కేసు. అది దాటి మన గడ్డమీద దొరికితే ఆయుధ చట్టం కింద ఇంకొకటి. ఏమీ తెలియదని చెప్పుకుంటూ కోర్టు మెట్లెక్కడమే. ఆ రాత్రే మావాడు రేంజినుంచి రాగానే సంచీ బోర్లించి తూటాలు లెక్కపెట్టే పద్ధతి మొదలుపెట్టాడు. ఎన్ని తీసుకెళ్ళాం, ఎన్ని కాల్చాం, ఎన్ని మిగిలాయి. స్టాకు రిజిస్టరు అన్నమాట. మనవడిచేతే రాయిస్తున్నాడు.

ఆ తుపాకీని ఇక్కడికి తెచ్చుకుందామనే ఆలోచన ఎవరూ చేయవద్దు. మన ఆయుధ నిబంధనల షెడ్యూలులో సెమీ ఆటోమేటిక్‌లు కఠినమైన మొదటి కేటగిరీలో ఉన్నాయి. ఇంట్లో పాత తుపాకీ లైసెన్సుతో ఉన్న సభ్యులు మాత్రం ఒక సంగతి గమనించండి. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళయింది, ఒక్కరికి మూడు ఆయుధాలు ఉండేది రెండుకు తగ్గింది. డెబ్భై ఏళ్ళు నిండినవారు, లేదా పాతికేళ్ళుగా ఆయుధం ఉంచుకున్నవారు తాము ఉండగానే వారసుని పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టించే వీలు 2016 నిబంధనల్లో ఉంది. మనం పోయాక పిల్లలు బీరువా పైన తుపాకీ చూసి కంగారు పడకుండా ఆ పని ఇప్పుడే చేయించండి. వద్దనుకుంటే పోలీసు స్టేషనులో గాని, లైసెన్సున్న డీలరు దగ్గర గాని అప్పగించి రసీదు తీసుకోండి.

మీ పిల్లలు ఎవరైనా ఫోనులో "ఏ తుపాకీ కొనమంటారు" అని అడిగితే, పేర్లు మనకు తెలియనక్కరలేదు. "వీసా ఏమిటి? తాళం ఎక్కడ? భుజానికి సరిపోయిందా? తెరిచి చూశావా?" ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. నాలుగింటికీ జవాబు వస్తే ఫైలు ఆమోదించవచ్చు. ఒక్కదానికి రాకపోయినా, మన పాత పద్ధతిలో, "మాట్లాడుము" అని రాసి వెనక్కి పంపండి.